బహమాస్‌లో లంగరేసుకుని ఒక చలికాలం: రాత్రి నిద్ర పడుతుందా, పలకరించే మనుషులుంటారా?

కృష్ణాతీరం_36:

అందరికీ నమస్కారం. చాలా రోజుల్నుంచి ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. బాల్టిమోర్ దగ్గర ఉంటాం, నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ పాప. మూడేళ్ళ కింద ఒక పాత 36 అడుగుల సెయిల్ బోట్ కొన్నాం, అయిదడుగుల డ్రాఫ్ట్, అంటే పడవ నీళ్ళలోకి దిగే లోతు. ఇద్దరం ఏఎస్ఏ (అమెరికన్ సెయిలింగ్ అసోసియేషన్) కోర్సులు 104 దాకా చేశాం. శని ఆదివారాలు చీసపీక్ బేలో ఏదో ఒక క్రీక్‌లోకి దూరి లంగరేసి పడుకుని మర్నాడు వచ్చేస్తాం, మా అనుభవం అంతవరకే.

ఇప్పుడు ఆఫీసులో జీతం లేకుండా ఎనిమిది నెలలు సెలవిచ్చారు. అక్టోబర్‌లో బయల్దేరి నార్ఫోక్ నుంచి తీరం వెంబడి లోపలగా పోయే జలమార్గం ఇంట్రాకోస్టల్ వాటర్‌వే పట్టుకుని దిగుతూ డిసెంబర్‌కి మయామీ, అక్కణ్ణుంచి గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం దాటి బహమాస్‌లోని బిమినీ, ఆ తర్వాత ఎగ్జూమా దీవుల వెంట జార్జ్ టౌన్ దాకా, మే నెలలో వెనక్కి, ఇదీ ఆలోచన.

నా భయం లంగరు గురించి. ఇక్కడ అడుగున బంకమట్టి, చుట్టూ చెట్లు, లంగరు పడిందంటే తెల్లారేదాకా కదలదు. అక్కడ అలా కాదంటున్నారు. మా ఆవిడ భయం వేరే. "అయిదారు నెలలు నువ్వూ నేనూ పాపా, చుట్టూ నీళ్ళు, ఒక మనిషి గొంతు వినపడదు, ఎట్లా ఉంటాం?" అంటోంది. ఆ మాట నాకు గట్టిగా తగిలింది, ఎందుకంటే దానికి నా దగ్గర జవాబు లేదు. పాప కూడా అక్కడ ఫ్రెండ్స్ ఉంటారా అని రోజూ అడుగుతోంది. పైగా మేం గుడ్లు తప్ప మాంసం చేపలు తినం. మనవాళ్ళు ఎవరైనా ఇలా ఉండొచ్చారా? ఉంటే పైపైన కాకుండా కాస్త వివరంగా చెప్పండి, రెండు ముక్కలు ఎక్కువైనా పర్లేదు.

గోదారి_సరంగు:

కృష్ణాతీరం గారూ, మాది నర్సాపురం, ఇప్పుడు ఫ్లోరిడా. నేనూ మా ఆవిడా రెండు చలికాలాలు జార్జ్ టౌన్‌లో లంగరేసుకుని ఉన్నాం. ముందు మీ ఆవిడగారి ప్రశ్నకే చెప్తా, అదే పెద్ద ప్రశ్న.

అక్కడ ఒంటరిగా ఉండాలంటేనే కష్టపడాలండి. ఎలిజబెత్ హార్బర్ అంటే ఇటు గ్రేట్ ఎగ్జూమా, అటు స్టాకింగ్ ఐలాండ్, మధ్యలో మైలు వెడల్పు నీళ్ళు. సీజన్ మధ్యలో మూడొందల పైచిలుకు పడవలు లంగరేసుకుని ఉంటాయి. మాన్యుమెంట్ బీచ్ ముందు కొన్ని, వాలీబాల్ బీచ్ ముందు కొన్ని, శాండ్ డాలర్ ముందు కొన్ని, అచ్చం మన ఊళ్ళో పేటల్లాగే. పొద్దున్న ఎనిమిదింటికి వీహెచ్ఎఫ్ రేడియోలో 72వ ఛానెల్‌కి అందరూ వస్తారు, దాన్ని నెట్ అంటారు. ఎవరో ఒక పడవ వాళ్ళు స్వచ్ఛందంగా నడుపుతారు. మొదట ఎవరికైనా ఎమర్జెన్సీ ఉందా అని అడుగుతారు, తర్వాత వాతావరణం, ఊళ్ళో షాపుల వాళ్ళ కబుర్లు, బీచ్‌లో ఆ రోజు ఏముంది అనేది, ఆ తర్వాత ఎవరికేం కావాలి ఎవరి దగ్గరేం మిగిలింది, చివర్లో కొత్తగా వచ్చినవాళ్ళు పేరు చెప్పుకోవడం, వెళ్ళిపోతున్నవాళ్ళు వీడ్కోలు చెప్పడం. మా ఆవిడ మొదటి రోజు చేతిలో కాఫీ గ్లాసు చల్లారిపోయేదాకా ఆ రేడియో దగ్గరే కూచుంది.

ఒక సంగతి చెప్తా. వచ్చిన నాలుగో రోజు ఇంజన్ వేడెక్కిపోయింది. విప్పి చూస్తే నీళ్ళ పంపులో రబ్బరు ఇంపెల్లర్ ఉంటుంది కదా, ఆరు రెక్కల్లో రెండు ఊడిపోయాయి. ఊడిన ముక్కలు కూడా వెతికి తియ్యాలి, లేకపోతే ఇంజన్‌ని చల్లబరిచే హీట్ ఎక్స్‌ఛేంజర్ నోట్లో ఇరుక్కుని కొత్తది వేసినా మళ్ళీ అదే తంతు. మర్నాడు నెట్‌లో చెప్పా, ఫలానా ఇంపెల్లర్ ఎవరి దగ్గరైనా ఉందా అని. పది నిమిషాల్లో కెనడా నుంచి వచ్చిన ఒక పెద్దాయన డింగీలో, అంటే పెద్ద పడవతో పాటు ఉంచుకునే చిన్న పడవలో వచ్చాడు, డెబ్బై ఏళ్ళుంటాయి, ఇంపెల్లర్‌తో పాటు పొడుగు ముక్కు పటకారు కూడా తెచ్చాడు. రెండు గంటలు మోకాళ్ళ మీద కూచుని నాతో పాటే ఆ రెండు ముక్కలూ దొరికేదాకా వెతికాడు, గోరంత నల్ల ముక్కలు, రెండోది దొరికినప్పుడు దాన్ని వేలి మీద పెట్టుకుని మా ఆవిడకి చూపించాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు, ఇంకెవరికైనా అవసరమైనప్పుడు నువ్వు ఇవ్వు అన్నాడు. ఆయన పేరు నాకు వారం తర్వాత తెలిసింది, అప్పటిదాకా పడవ పేరుతోనే పిలిచాం. అక్కడంతా అంతే, మనుషుల్ని పడవ పేరుతోనే పిలుస్తారు, మన దగ్గర ఇంటిపేరుతో పిలిచినట్టు.

ఇక లంగరు. ఇది బాగా వినండి, నేను తప్పు చేసి నేర్చుకున్న పాఠం.

చలికాలంలో అక్కడికి వారానికో పదిరోజులకో అమెరికా వైపు నుంచి కోల్డ్ ఫ్రంట్, అంటే చల్లగాలి దండు, దిగుతుంది. మామూలుగా తూర్పు గాలి ఉంటుంది, స్టాకింగ్ ఐలాండ్ అడ్డం కాబట్టి హాయిగా ఉంటుంది. ఫ్రంట్ దగ్గర పడేకొద్దీ గాలి దక్షిణానికి, నైరుతికి, పడమటికి తిరిగి, ఆ తర్వాత వాయవ్యం, ఉత్తరం మీదుగా మళ్ళీ ఈశాన్యానికి వస్తుంది. పడమటి గాలి ఉన్న ఆ కొన్ని గంటలే ప్రాణసంకటం, ఎందుకంటే అప్పటిదాకా మనల్ని కాపాడిన బీచే ఇప్పుడు మన వెనకాల ఉంటుంది, లంగరు జారితే నేరుగా దాని మీదికే పోతాం.

మొదటి ఫిబ్రవరిలో మేం శాండ్ డాలర్ ముందున్నాం. లంగరేసినప్పుడు డెప్త్ మీటర్ ఎనిమిదడుగులు చూపించింది, లోతుకి అయిదింతలు గొలుసు వదలాలని చదువుకున్నా కాబట్టి నలభై అడుగులు వదిలి సరిపోయిందనుకున్నా. నేను వేసింది పాటు సమయంలో, పోటు వస్తే అక్కడ ఇంకో మూడడుగులు పెరుగుతుంది. పడవ ముక్కు దగ్గర గొలుసు దిగే చోటు నీటి మట్టానికి నాలుగడుగులు పైన. ఎనిమిది, మూడు, నాలుగు కలిపితే పదిహేను. పదిహేనుకి నలభై అంటే మూడింతలు కూడా లేదు! తూర్పు గాలిలో వారం రోజులు ఏమీ కాలేదు కాబట్టి నాకు తెలియలేదు.

రాత్రి రెండింటికి గాలి పడమటికి తిరిగింది, వానతో పాటు ఒక దెబ్బ కొట్టింది. ఫోన్‌లో యాంకర్ అలారం మోగేసరికి వెనకున్న పడవ వాళ్ళు అప్పటికే హారన్ కొడుతూ మా మీద లైటు వేసేశారు. నేను ముక్కు దగ్గరికి పరిగెత్తా, మా ఆవిడ చుక్కాని పట్టుకుంది, ఇంజన్ ముందుకి వేసినా గాలికి ముక్కు నిలబడట్లేదు. ఇంతలో చీకట్లోంచి రెండు డింగీలు వచ్చాయి, ఒకదాంట్లో ఇంపెల్లర్ పెద్దాయన, నైట్ డ్రెస్ మీద రెయిన్‌కోట్ వేసుకుని. ఆ రెండు డింగీలు ముక్కుకి ఒక పక్కన ఆనుకుని గాలికి ఎదురు నెడుతూ ఉంటే నేను గొలుసు ఎత్తుకోగలిగా. లంగరు పైకొచ్చినప్పుడు దాని నిండా నీటిగడ్డి, ఇసుక రేణువు లేదు. అంటే వారం రోజులు గడ్డి మీద పడుకుందది, లోపలికి దిగనే లేదు. పట్నం వైపు పోయి నూట ఇరవై అడుగులు వదిలి రివర్స్‌లో గట్టిగా లాగి చూసుకున్నాం, తెల్లారేదాకా ఇద్దరం చుక్కాని ఉండే కాక్‌పిట్‌లోనే కూచున్నాం.

అప్పట్నుంచి మా పద్ధతి మారలేదు. తెల్లగా కనిపించే ఇసుక మీదే వెయ్యడం, నల్లగా కనిపిస్తే అది గడ్డి, వద్దు. లోతు, పోటు, ముక్కు ఎత్తు మూడూ కలిపి దానికి కనీసం అయిదింతలు, ఫ్రంట్ వస్తుందంటే ఏడింతలు. వేశాక రివర్స్‌లో నెమ్మదిగా లాగి, ఆ తర్వాత మాస్క్ పెట్టుకుని దూకి కళ్ళతో చూడటం. అక్కడ నీళ్ళు గాజులా ఉంటాయి, లంగరు ముక్కు ఇసుకలో దిగిందా లేదా స్పష్టంగా తెలుస్తుంది. చూసొచ్చిన రాత్రి నిద్ర పడుతుందండి, నిజంగా పడుతుంది.

నీలి_గవ్వ:

సరంగు గారు లంగరు సంగతి చెప్పేశారు కాబట్టి నేను వంటగది సంగతి, పిల్లల సంగతి చెప్తా. కృష్ణాతీరం గారూ, ఇది మీ ఆవిడతో చదివించండి. మేం ఇద్దరు పిల్లలతో ఒక సీజన్ ఉన్నాం, అప్పుడు బాబుకి పది, పాపకి ఏడు.

చెల్లీ, నేనూ నీలాగే భయపడ్డా. మా అత్తగారైతే ఫోన్‌లో ఏడ్చేసింది పిల్లల్ని నీళ్ళ మీద పడేస్తున్నారని. జార్జ్ టౌన్ చేరిన మర్నాడు మావారు నెట్‌లో మేం వచ్చాం, ఇద్దరు పిల్లలున్నారు అని చెప్పారు, అంతే, మధ్యాహ్నానికి ఒక అమెరికా అబ్బాయి, ఇద్దరు ఫ్రెంచ్ ఆడపిల్లలు వాళ్ళే డింగీ నడుపుకుంటూ వచ్చి పడవ పక్కన తట్టి మీ పిల్లలు బీచ్‌కి వస్తారా అని అడిగారు. పిల్లలున్న పడవల్ని అక్కడ కిడ్ బోట్స్ అంటారు, ఒకళ్ళకొకళ్ళు సమాచారం చెప్పుకుని ఒకే చోట లంగరేస్తారు. పొద్దున్న పన్నెండింటి దాకా ఎవరి పడవలో వాళ్ళు చదువులు, ఆ తర్వాత అందరూ బీచ్‌లోనే. మా వాడు ఆ నాలుగు నెలల్లో ఎదిగినట్టు ఇంకెప్పుడూ ఎదగలేదు. ఒక్కటే బాధ, పిల్లలు దగ్గరయ్యాక ఏదో ఒక పడవ వెళ్ళిపోతుంది. మా పాప ఒక ఫ్రెంచ్ పిల్ల వెళ్ళిపోయిన రోజు అన్నం తినలేదు. దానికి ముందే సిద్ధపడండి.

తిండి. అక్కడ కూరలు బహమాస్ రాజధాని నాసో నుంచి మెయిల్ బోట్‌లో, అంటే దీవులకి సరుకులు చేరవేసే పడవలో వస్తాయి, వచ్చిన రోజు వెళ్తేనే బాగున్నవి దొరుకుతాయి, రేట్లు మాత్రం ఎక్కువ. కాబట్టి కందిపప్పు, పెసరపప్పు, మినప్పప్పు, బియ్యం, చింతపండు, ఎండుమిర్చి, ఆవాలు, ఇంగువ, కాఫీ పొడి అన్నీ ఫ్లోరిడాలోనే కొనేసుకోండి. అట్టపెట్టెలు మాత్రం పడవలోకి రానివ్వకండి, బొద్దింక గుడ్లు వాటిల్లోనే వస్తాయి, డాక్ మీదే విప్పేసి డబ్బాల్లోకి పోసుకోండి. బియ్యంలో ఎండు వేపాకు వేశా మా అమ్మ వేసినట్టే, ఒక్క పురుగు పట్టలేదు. కరివేపాకు మొక్క తీసుకెళ్దామనుకుంటారేమో, మొక్కలకి దేశం దాటేటప్పుడు పర్మిట్ కావాలి, ఎండబెట్టిన ఆకు తీసుకెళ్ళండి. క్యాబేజీ, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, గుమ్మడికాయ ఫ్రిజ్ లేకుండానే వారాలుంటాయి. ఆవకాయ సంగతి చెప్పక్కర్లేదు.

కుక్కర్ లేకుండా వెళ్ళొద్దు. గ్యాస్ మిగులుతుంది, నీళ్ళు మిగులుతాయి, పడవ ఊగినా మూత ఊడదు. గిన్నెలు మొదట సముద్రపు నీళ్ళతో తోమి చివర్లో స్ప్రే బాటిల్‌తో మంచినీళ్ళు కొట్టి తుడిచేదాన్ని, సీసాడు నీళ్ళతో రోజు గిన్నెలన్నీ అయిపోయేవి. దోసెల పిండి ఆ వెచ్చదనానికి ఒక్క రాత్రిలో పొంగుతుంది, కానీ గిన్నె సగం వరకే పొయ్యండి, నేను ఒకసారి నిండా పోసి పెడితే రాత్రి పడవ ఊగి లాకరంతా పిండే.

మంచినీళ్ళకి పట్నంలో సూపర్ మార్కెట్ వెనక డింగీ డాక్ ఉంది, అక్కడ కుళాయి నీళ్ళు పడవల వాళ్ళకి ఉచితంగా ఇస్తారు. అక్కడికి వెళ్ళాలంటే రోడ్డు వంతెన కిందుగా ఒక సన్నటి సందులోంచి డింగీని ఊళ్ళో ఉన్న లేక్ విక్టోరియా అనే చిన్న చెరువులోకి పోనివ్వాలి, పోటు పాటు మారే టైమ్‌లో ఆ సందులో నీళ్ళు ఎంత జోరుగా ఉంటాయంటే ఎదురుగా వచ్చేవాళ్ళని ముందు చూసుకుని గానీ దూరకూడదు. అయిదు గ్యాలన్ల డబ్బా పందొమ్మిది కిలోలు. నాలుగు డబ్బాలు నింపి డింగీలోంచి పడవలోకి ఎత్తాక నీళ్ళు పారబొయ్యబుద్ధి కాదు ఇక జన్మలో.

బీచ్‌లో పాట్‌లక్‌లు పెట్టుకుంటారు, ఎవరి కంచం వాళ్ళు తెచ్చుకోవాలి, ఒక వంటకం తేవాలి. నేను పులిహోర పట్టుకెళ్ళా, నాలుగు నిమిషాల్లో గిన్నె ఖాళీ. ఆ తర్వాత నెట్‌లో ఎవరో ఒకావిడ ఆ పసుపు అన్నం చేసిన పడవ ఏది, ఎలా చెయ్యాలో నేర్పుతారా అని అడిగింది. మా పడవ కాక్‌పిట్‌లో ఏడుగురు ఆడవాళ్ళకి చింతపండు గుజ్జు తియ్యడం నేర్పించా. మొహమాటపడే మనిషినే నేను, అమెరికాలో పన్నెండేళ్ళున్నా పక్కింటావిడతో అంతసేపు మాట్లాడలేదు.

ఇంకొకటి. సూర్యుడు దిగే టైమ్‌కి ఎవరో ఒకరు శంఖం ఊదుతారు, అక్కడ దొరికే కాంక్ అనే గులాబీ పెదవి శంఖం, కొస కోసేసి ఊదుతారు. ఒక పడవ మీద మొదలైతే ఇంకో పడవ అందుకుంటుంది, హార్బరంతా అలా పాకుతుంది. మా దగ్గర పూజ శంఖం ఉంది, మా పాప అది తీసుకుని డెక్ మీదికి వెళ్ళి నాలుగు రోజులు గాలి మాత్రమే వచ్చేలా ఊదింది, అయిదో రోజు మోగింది. పక్క పడవల వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇప్పటికీ ఇంట్లో సాయంత్రం దీపం పెట్టేది నేను, ఊదేది అది.

ఒంగోలు_కెరటం:

అందరూ మంచివే చెప్తున్నారు, నేను రెండో పక్క కూడా చెప్పాలి, ఎందుకంటే మేం మధ్యలోనే వెనక్కి వచ్చేసిన వాళ్ళం.

మొదటిది, గల్ఫ్ స్ట్రీమ్. మయామీ వైపు నుంచి బిమినీ యాభై నాటికల్ మైళ్ళే, కానీ మధ్యలో సముద్రం మొత్తం ఉత్తరానికి గంటకి మూడు నాటికల్ మైళ్ళ వేగంతో నదిలా పారుతూ ఉంటుంది. దానికి ఎదురుగా ఉత్తరపు గాలి వస్తే అలలు గోడల్లా నిటారుగా లేస్తాయి. గాలి పేరులో ఉత్తరం అనే మాట ఉంటే కదలొద్దు, ఈశాన్యమైనా వాయవ్యమైనా అంతే. మేం తొమ్మిది రోజులు ఎదురుచూసి, పదో రోజు సెలవలు అయిపోతున్నాయని తొందరపడి బయల్దేరాం. పదహారు గంటలు. మా ఆవిడ బకెట్ పట్టుకుని నేల మీదే పడుకుంది. ఆ తర్వాత ఎంత మంచి నీళ్ళు చూపించినా ఆమెకి పడవ మీద నమ్మకం రాలేదు, తప్పు ఆమెది కాదు, నాది. తేదీ పెట్టుకుని ప్రయాణం చెయ్యకండి. ఎవరికైనా ఫలానా రోజు వచ్చి కలవండి అని మాటిచ్చారంటే ఆ మాటే మిమ్మల్ని చెడ్డ గాలిలోకి తోస్తుంది.

రెండోది, లంగరేసిన చోట కూడా మనుషులు మనుషులే. పక్కన ముప్పై అడుగుల్లో వచ్చి లంగరేసేవాళ్ళుంటారు, రాత్రి పదింటి దాకా జనరేటర్ వేసేవాళ్ళుంటారు. ముందు వేసినవాడిదే హక్కు, వెనకొచ్చినవాడు తన గొలుసు పొడవుని బట్టి, పడవ తిరిగే చుట్టుని బట్టి దూరం చూసుకోవాలి, రెండు హల్స్ (పడవ అడుగు భాగాలు) ఉండే కటమరాన్ తిరిగే తీరు, మన ఒంటి హల్ పడవలు తిరిగే తీరు ఒకటి కాదు. గొడవ పడే బదులు మెల్లగా వెళ్ళి మీరెంత గొలుసు వదిలారు అని అడగండి, చాలామంది వాళ్ళంతట వాళ్ళే జరుగుతారు.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. మూడొందల పడవల వాళ్ళూ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటూ అదే లోకం అనుకుంటారు, అది ఆ ఊరివాళ్ళ హార్బరని మర్చిపోతారు. ఊళ్ళోకి వెళ్తే ఏది అడగాలన్నా ముందు గుడ్ మార్నింగ్ చెప్పండి, అది చెప్పకుండా ధర అడిగితే వాళ్ళకి మర్యాద తప్పినట్టే. చెత్త చిన్న దీవుల్లో పడెయ్యకండి, ఊళ్ళో డబ్బులిచ్చి వెయ్యండి. ఏప్రిల్ దాకా ఉండగలిగితే వాళ్ళ పడవ పందేలు, నేషనల్ ఫ్యామిలీ ఐలాండ్ రెగట్టా చూడండి, 1954 నుంచి జరుగుతోంది. వాళ్ళ ఒంటి స్తంభం చెక్క పడవలు, స్లూప్‌ల మీద తెరచాప ఎంత పెద్దదంటే పడవ ఒరిగిపోకుండా పక్కకి పొడుగు చెక్క పలకలు తోసి దాని కొస మీదికి పాకి నలుగురైదుగురు మనుషులు నీళ్ళ మీద వేలాడుతూ కూచుంటారు. ఆ ఒక్కటి చూడలేకపోయాననే నా బాధ.

బెర్త్‌నంబర్7:

నేను మర్చంట్ నేవీ, చీఫ్ ఆఫీసర్, సొంతూరు కాకినాడ. సెయిలింగ్ తెలీదు గానీ లంగరు తెలుసు. మా ఊళ్ళో యాంకరేజ్ పోర్ట్ చూసే ఉంటారు, ఓడలు ఒడ్డుకి రావు, దూరంగా లంగరేసి ఉంటే బార్జీలు బియ్యం బస్తాలు మోసుకెళ్తాయి. హోప్ ఐలాండ్ అడ్డం ఉంది కాబట్టే అక్కడ అది కుదురుతోంది, మీ స్టాకింగ్ ఐలాండ్ చేసే పనే అది.

పెద్ద ఓడైనా చిన్న పడవైనా సూత్రం ఒకటే. లంగరు బరువుతో ఓడ ఆగదు, లంగరుని గొలుసు అడ్డంగా లాగినంతసేపే అది నేలలో పట్టుకుంటుంది, పైకి లాగితే ఊడొస్తుంది. అందుకే పొడుగు గొలుసు. మేం షాకిల్స్‌లో లెక్కేస్తాం, ఒక షాకిల్ 27.5 మీటర్లు. మీ చిన్న పడవల్లో గొలుసు తేలిక, పెద్ద గాలిలో అది బిగుసుకుపోయి కుదుపంతా నేరుగా లంగరు మీద పడుతుంది, కాబట్టి గొలుసుకి సాగే నైలాన్ తాడు కట్టి ఆ కుదుపు తాడు తీసుకునేలా చెయ్యండి. ఇంకో మాట, రాత్రి అన్ని వైపులా కనపడే తెల్ల దీపం, పగలు ముక్కు వైపు నల్ల బంతి. ఇది ఓడలు ఢీకొనకుండా పెట్టిన అంతర్జాతీయ కొలిషన్ రూల్స్‌లో 30వ నిబంధన. చిన్న పడవల వాళ్ళు బంతి పెట్టరు, అందరూ పెట్టట్లేదని మీరు మానెయ్యకండి.

ట్యాంక్‌బండ్_లేజర్:

అన్నా నేను హుస్సేన్ సాగర్ల సెయిలింగ్ నేర్చుకున్న, లేజర్ బోట్, ఒక్కరు నడిపే చిన్న తెరచాప పడవ. సముద్రం అనుభవం లేదు కాబట్టి ఎక్కువ చెప్పలేను, గానీ వదినకి ఒక మాట చెప్పాలనిపించింది. మన నేవీ తెరచాప పడవ ఐఎన్ఎస్‌వీ తరిణి మీద 2017 సెప్టెంబర్ 10న గోవాల బయల్దేరి ప్రపంచం చుట్టొచ్చిన ఆరుగురు ఆడోళ్ళల్ల ఇద్దరు మనోళ్ళే, స్వాతి గారు వైజాగ్, ఐశ్వర్య గారు హైదరాబాద్. 55 అడుగుల పడవ, 254 రోజులు, దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ కూడా దాటిన్రు, 2018 మే 21న తిరిగొచ్చిన్రు. వాళ్ళు వచ్చిన రోజు మా క్లబ్బుల చిన్న పిల్లలు టీవీ ముందల్నుంచి లేవలేదు. మీ పాపకి చెప్పుండ్రి అన్నా.

కృష్ణాతీరం_36:

ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, అందరికీ పేరుపేరునా థాంక్స్. మొత్తం మా ఆవిడ గట్టిగా చదివింది, నేనూ పాపా విన్నాం. సరంగు గారూ, మీ పదిహేను అడుగుల లెక్క చూసి నాకు చెమటలు పట్టాయి, ఎందుకంటే నేనూ ఇన్నాళ్ళూ డెప్త్ మీటర్ అంకె ఒక్కటే చూసి వేస్తున్నా. ఒంగోలు గారూ, జనవరిలో మా బావమరిది వాళ్ళు నాసోకి వస్తామన్నారు, టికెట్లు కూడా చూస్తున్నారు, మీ పోస్ట్ చదివాక ఫోన్ చేసి తేదీ మేం చెప్పలేం, ముందు మేం చేరతాం, ఆ తర్వాత మీరు మేమున్న చోటికి రండి అని చెప్పేశా. కొంచెం నొచ్చుకున్నాడు, ఫర్వాలేదు.

మా ఆవిడ ఒక్క ప్రశ్న అడగమంది. కొత్త చోట లంగరేశాక పక్క పడవ వాళ్ళని పలకరించాలంటే ఎలా? ఇంటికైతే కాలింగ్ బెల్ కొడతాం. అక్కడ వాళ్ళు లోపల పడుకుని ఉంటే, విసుక్కుంటే?

నీలి_గవ్వ:

చెల్లీ, నేనూ మొదట్లో డింగీలో వెళ్ళి చుట్టూ తిరిగి వచ్చేసేదాన్ని. పద్ధతి ఇదీ. దూరం నుంచే వేగం తగ్గించు, లేకపోతే నీ అలకి వాళ్ళ టీ ఒలుకుతుంది. పక్కనుంచి వెళ్ళి ఇంజన్ ఆపేసి పడవ అంచు పట్టుకో, పడవ పేరు పెట్టి పిలువు, వినపడకపోతే హల్ మీద వేళ్ళతో రెండుసార్లు తట్టు. పలకకపోతే వచ్చెయ్, అందులో తప్పేం లేదు. బయటికి వస్తే డింగీలో ఉండే మాట్లాడు, రమ్మంటేనే ఎక్కు, ఎక్కేముందు చెప్పులు విప్పు, అది మనకి చెప్పక్కర్లేదు కదా. మొదటిసారి ఉత్త చేతులతో వెళ్ళకు, నాలుగు జంతికలైనా చాలు. ఎక్కువసేపు కూచోకు, సాయంత్రం మా పడవకి రండి అని చెప్పి వచ్చెయ్. వస్తారు.

గోదారి_సరంగు:

గొలుసుకి రంగు వేసుకోండి, బయల్దేరేముందే డాక్ మీద మొత్తం పరిచి ప్రతి పాతిక అడుగులకీ ఒక గుర్తు. రంగు ఊడిపోతుంది కాబట్టి గొలుసు లింకుల్లో రంగురంగుల జిప్ టైలు కూడా కట్టండి, చీకట్లో వేళ్ళకి తగిలినా లెక్క తెలుస్తుంది. మేం అయిదు గుర్తులకి మా ఊళ్ళో పేటల పేర్లు పెట్టుకున్నాం, మా ఆవిడ చుక్కాని దగ్గర్నుంచి ఎంత దిగింది అని అరిస్తే నేను పేట పేరు అరుస్తా, గాలిలో అంకెలకన్నా అదే బాగా వినపడుతుంది.

కృష్ణాతీరం_36:

ఈ శనివారమే గొలుసు బయటికి తీస్తాం. మాది విజయవాడ కాబట్టి పాప పేర్లు రాసేసింది. మొదటి పాతిక అడుగులు గవర్నర్‌పేట, యాభై గాంధీనగర్, డెబ్బై అయిదు సత్యనారాయణపురం, వంద పటమట. నూట పాతిక దగ్గర బెంజి సర్కిల్.

మా ఆవిడ సామాన్ల లిస్టులో కుక్కర్ కింద శంఖం అని రాసింది. మాకు పూజ శంఖం లేదు, గుంటూరులో వాళ్ళ అమ్మకి ఫోన్ చేసి ఎవరైనా వచ్చేటప్పుడు పంపించమని చెప్పింది.